నేలమాళిగలోకి దిగిన డాక్టరు: కార్ల్ గుస్తావ్ యూంగ్ జీవితం

 

ధమ్మ బంధువులారా, ధమ్మం గురించిన చిన్న పుస్తకంలో ఒక స్విట్జర్లాండ్ డాక్టరుకేం పని అని మీరు అడగొచ్చు. ఆయన బౌద్ధుడు కాడు, చర్చి పాస్టరు కొడుకు. దీక్ష తీసుకోలేదు, త్రిశరణాలు చెప్పలేదు. అయినా ఆయన గురించి చెప్పుకోవలసిన అవసరం మనకుంది. మనిషి నోటితో ఒకటి చెప్పి మనసు అడుగున ఇంకోటి ఎందుకు మోస్తుంటాడో ఆ పెద్దమనిషి బతుకంతా వెతికాడు. ఈ సంగతి మన ఇళ్ళల్లో తెలియంది కాదు. గోడ మీద బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం ఉంటాయి. 22 ప్రతిజ్ఞలూ కంఠతా వచ్చి ఉంటాయి. బిడ్డకు జ్వరం వచ్చి మూడు రోజులు తగ్గకపోతే మాత్రం చెయ్యి తాయెత్తు వైపు పోతుంది. ఆ చేతిని నడిపేది ఎవరు?

కార్ల్ గుస్తావ్ యూంగ్ 1875 జులై 26న కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున కెస్విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి పాల్ యూంగ్, తల్లి ఎమిలీ. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు తల్లి మనసు బాగాలేక కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉంది. ప్రేమ అనే మాట వింటే నమ్మకం కలగకపోవడం తనకు అప్పుడే మొదలైందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. తండ్రి ఇంకో రకం మనిషి. ప్రతి ఆదివారం ప్రసంగం చేసేవాడు గాని లోపల విశ్వాసం ఎండిపోయింది. త్రిత్వం సంగతి ఎప్పుడు చెప్తాడా అని కొడుకు ఎదురుచూస్తుంటే, ఆ పాఠం వచ్చేసరికి తనకే అర్థం కాలేదని ఒప్పుకుని పేజీ తిప్పేశాడు. తనకే నమ్మకం లేని మాటల్ని కూలి కోసం చెప్పే మనిషి ఎట్లా కుంగిపోతాడో ఆ పిల్లవాడు ఇంట్లోనే చూశాడు. తాతల నుంచి వచ్చింది కాబట్టి మోయాలి అనే మతం ఎంత బరువో మనకు వేరే చెప్పాలా?

పిల్లవాడిలో ఇద్దరున్నారు. ఒకడు బడికి పోయే మామూలు పాస్టరు కొడుకు. రెండోవాడు ఎప్పటివాడో తెలియని ముసలివాడు, ఎవరితోనూ కలవనివాడు. పదేళ్ళ వయసులో చెక్క స్కేలు చివర ఒక చిన్న మనిషి బొమ్మ చెక్కి, దానికి నల్ల కోటు వేసి, రైన్ నది దగ్గర దొరికిన గులకరాయికి రంగు పూసి తోడుగా పెట్టి, పెన్సిల్ పెట్టెలో దాచి, అటక మీద దూలం చాటున పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. మనసు బాగాలేనప్పుడు దొంగచాటుగా ఎక్కి చూసి వచ్చేవాడు.

పన్నెండేళ్ళప్పుడు జరిగిన ఒక సంగతి మీరు శ్రద్ధగా చదవాలి. బాసెల్ పట్నంలో తోటి పిల్లవాడొకడు తోస్తే కింద పడి, తల రాతి అంచుకు తగిలింది. ఆ క్షణంలోనే, ఇక బడికి పోనక్కర్లేదు అన్న ఆలోచన మెరుపులా వచ్చింది. అప్పటి నుంచి పుస్తకం తెరిస్తే చాలు, స్పృహ తప్పేది. ఆరు నెలలకు పైగా బడి మానేసి అడవుల్లో, నీళ్ళ ఒడ్డున తిరిగాడు. డాక్టర్లకు అంతుపట్టలేదు, మూర్ఛరోగమన్నారు ఒకరు. ఒకరోజు తండ్రి స్నేహితుడితో మాట్లాడుతుంటే చాటు నుంచి విన్నాడు. ఉన్న కాస్త డబ్బూ అయిపోయింది, వీడు రేపు ఎట్లా బతుకుతాడో అని తండ్రి బాధపడుతున్నాడు. పిల్లవాడికి పిడుగు పడ్డట్టయింది. పోయి లాటిన్ వ్యాకరణం తెరిచాడు. పది నిమిషాలకు స్పృహ తప్పింది. లేచి మళ్ళీ చదివాడు. మళ్ళీ తప్పింది. మూడోసారి కూడా లేచి చదివాడు. ఆ తరవాత ఇక రాలేదు. తను నాటకం ఆడలేదు, నిజంగానే పడిపోయాడు. కానీ ఆ పడిపోవడాన్ని కోరుకున్నదీ తనే. రెండూ నిజమే. మనోరోగం అంటే ఏమిటో పుస్తకాలు చదవకముందే తన ఒంటితో నేర్చుకున్నాడు.

1895లో బాసెల్ విశ్వవిద్యాలయంలో వైద్యంలో చేరాడు. మరుసటి ఏడు తండ్రి పోయాడు, ఇల్లు గడవడమే కష్టమైంది. చదువు చివర్లో క్రాఫ్ట్-ఎబింగ్ రాసిన మనోవ్యాధుల పాఠ్యపుస్తకం తెరిచి, తన దారి ఇదేనని తేల్చుకున్నాడు. అప్పట్లో ఆ శాఖకు వైద్యుల్లో విలువ లేదు. పిచ్చాసుపత్రి ఊరికి దూరంగా ఉండేది, అందులో డాక్టరూ రోగితో పాటు వెలివేసినవాడి కిందే లెక్క. 1900 డిసెంబరులో జూరిచ్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి ఆసుపత్రిలో యూజెన్ బ్లాయిలర్ దగ్గర చేరాడు.

అక్కడ ఒక ముసలామె ఉండేది. నలభై ఏళ్ళుగా మంచానికే అంటుకుపోయింది, మాట పోయింది. కప్పు పాలు తాగడానికి రెండు గంటలు పట్టేది. ఊరికే ఉన్నప్పుడు రెండు చేతులూ ఒక లయలో ఆడిస్తూ ఉండేది. ఎందుకని అడిగితే, ఎప్పుడూ అంతే అన్నారు నర్సులు. పాత కాగితాలు తిరగేస్తే అది చెప్పులు కుట్టే కదలిక అని తేలింది. మోకాళ్ళ మధ్య చెప్పు బిగించి, తోలులోంచి దారం రెండు పక్కలకూ లాగడం. మనలో తోలు పని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళయితే కాగితాలు చూడకుండానే చెప్పి ఉండేవాళ్ళు! ఆమె చనిపోయినప్పుడు అన్న వచ్చాడు. చెల్లెలికి పిచ్చి ఎందుకు పట్టిందని యూంగ్ అడిగాడు. ఒక చెప్పులు కుట్టే అతన్ని ఆమె ప్రేమించింది, అతను కాదన్నాడు, అప్పటి నుంచి ఇట్లా అయింది అన్నాడు అన్న. అర్థం లేనిదని అందరూ వదిలేసిన కదలికలో ఒక బతుకంతా ఉంది. పిచ్చివాళ్ళ మాటలకు, చేష్టలకు అర్థం ఉంటుందని యూంగ్ పట్టుబట్టడానికి ఇట్లాంటివే కారణం.

ఆ ఆసుపత్రిలోనే ఆయనకు పేరు తెచ్చిన పరీక్ష చేశాడు. పద్ధతి చాలా సులువు. వంద మాటల పట్టీ ఒకటి. డాక్టరు ఒక్కో మాట చదువుతాడు. ఎదుటివాళ్ళు తట్టిన మొదటి మాట చెప్పాలి. స్టాప్‌వాచీ పట్టుకుని ఎంతసేపు పట్టిందో రాసుకుంటాడు. చెట్టు అంటే ఆకు, రాత్రి అంటే పగలు అని టకటకా వస్తుంటాయి. ఉన్నట్టుండి ఒక మాట దగ్గర మనిషి తడబడతాడు, నవ్వుతాడు, వినబడలేదంటాడు. ఆలస్యం ఎక్కడ జరిగిందో అక్కడ గాయం ఉందన్నమాట. ఒక బాధ చుట్టూ ముడిపడిపోయిన ఆలోచనలు, భావాలు, జ్ఞాపకాల గుంపునే ఆయన కాంప్లెక్స్ అన్నాడు. ఇవాళ మనం వాడే ఇన్ఫీరియారిటీ కాంప్లెక్స్ అనే మాటలో కాంప్లెక్స్ ఈ పరీక్ష నుంచి ఊరూరా పాకిందే.

ఈ పరీక్షతోనే ఒక తల్లి కథ బయటపడింది. ఆమెకు నయంకాని పిచ్చి అని ముద్ర వేశారు. మాటల పట్టీ, ఆమె కలలు కలిపి చూస్తే అసలు సంగతి తెలిసింది. తనను పట్టించుకోలేదనుకున్న ఒక ధనవంతుడి కొడుకు నిజంగా తనను ఇష్టపడ్డాడని పెళ్ళయిన ఐదేళ్ళకు విన్నది. కొన్ని వారాలకు, పిల్లలకు స్నానం చేయిస్తూ, కూతురు స్నానం స్పంజి నోట్లో పెట్టుకుని చీకుతుంటే చూస్తూ ఊరుకుంది. అది తాగకూడని నది నీళ్ళు అని ఆమెకు తెలుసు. బిడ్డ టైఫాయిడ్‌తో పోయింది. పాత పెళ్ళి గుర్తులన్నీ తుడిచెయ్యాలని మనసు అడుగున ఏదో కోరింది, పైన ఉన్న మనసుకు తెలియదు. యూంగ్ ఈ సంగతి ఆమె ముఖం మీదే చెప్పాడు. అది చాలా ప్రమాదకరమైన పని. రెండు వారాల్లో ఆమె ఇంటికి వెళ్ళింది, మళ్ళీ ఆసుపత్రికి రాలేదు.

ఇక్కడ కాస్త ఆగండి. మిమ్మల్ని కొత్త ఊళ్ళో, కొత్త ఆఫీసులో పేరు అడుగుతారు, టక్కున చెప్తారు. ఊరు అడుగుతారు, చెప్తారు. మీ ఇంటిపేరు? ఊళ్ళో ఎటువైపు ఉంటారు? అంతే, అర క్షణం ఆలస్యం. గొంతు కొంచెం తగ్గుతుంది. స్టాప్‌వాచీ ఎవరూ పట్టుకోలేదు గాని ఆ అర క్షణం మనందరికీ తెలుసు. డిగ్రీ ఉన్నా, ఉద్యోగం ఉన్నా వస్తుంది. ఆ గాయాన్ని పెట్టింది మీరు కాదు, మీ తల్లిదండ్రులూ కాదు. కులం పెట్టింది. కాబట్టి అదంతా నీ మనసులోనే ఉంది అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. మహద్ చెరువు నీళ్ళు 1927లో బాబాసాహెబ్ తాగింది మనసులో కాదు, అందరి ఎదుట. కానీ చెరువు దగ్గర గెలిచాక కూడా లోపల మిగిలే అర క్షణం ఉంటుంది చూడండి, దాన్ని చూడ్డానికి ఈ డాక్టరు పనికొస్తాడు.

1903లో ఎమ్మా రౌషెన్‌బాఖ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె షాఫ్‌హౌజెన్‌లో పెద్ద పారిశ్రామికవేత్త కూతురు. ఐదుగురు పిల్లలు. ఆ ఆస్తి ఉంది కాబట్టే తరవాతి రోజుల్లో ఉద్యోగం మానుకుని తన లోపలికి తను చూసుకునే తీరిక దొరికింది. ఎమ్మా ఓర్పు గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. తన దగ్గర వైద్యం చేయించుకున్న సబీనా ష్పీల్‌రైన్‌తో యూంగ్ హద్దు దాటాడు. ఆ తరవాత టోనీ వోల్ఫ్ అనే ఆమె ఏళ్ళ తరబడి ఆయన బతుకులో రెండో భార్యలా ఉంది. ఎమ్మా ఇదంతా భరించి, తానూ మనో విశ్లేషకురాలయింది. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇట్లాంటివి దాచిపెట్టి రాయడం మనకు అలవాటు. అది మంచిది కాదు.

1907లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను కలిశాడు. మొదటి రోజే పదమూడు గంటలు మాట్లాడుకున్నారని చెప్తారు. ఫ్రాయిడ్ ఈయన్ను కొడుకులా, వారసుడిలా చూశాడు. 1909లో ఇద్దరూ కలిసి అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆ ప్రయాణంలో యూంగ్‌కు ఒక కల వచ్చింది. రెండంతస్తుల ఇల్లు, తనదే. పైన మంచి సామాన్లు, పటాలు. కింది అంతస్తు ఇంకా పాతది, చీకటిది. ఇంకా దిగితే రోమన్ కాలం నాటి నేలమాళిగ. అక్కడ ఉంగరం ఉన్న రాతి పలక ఎత్తితే సన్నటి మెట్లు, అడుగున గుహ, కుండ పెంకులు, రెండు మనిషి పుర్రెలు. ఆ పుర్రెలు ఎవరివి, ఎవరి చావు కోరుతున్నావు అని ఫ్రాయిడ్ గుచ్చి గుచ్చి అడిగాడు. వదిలించుకోడానికి యూంగ్ ఏదో అబద్ధం చెప్పాడు. ఆయన ఆ ఇంటిని వేరేగా అర్థం చేసుకున్నాడు. మనసు అడుగున ఉన్నవన్నీ నావీ, నా చిన్ననాటివీ మాత్రమే కావు. మనుషులందరికీ ఉమ్మడిగా వచ్చిన పాత పొర ఒకటి ఉంది. దానికే సామూహిక అచేతనం అని పేరు పెట్టాడు. మనసు అడుగున ఉండేది ముఖ్యంగా కామమేనన్న ఫ్రాయిడ్‌తో ఇక పొసగలేదు. 1913 మొదట్లో స్నేహం తెగిపోయింది.

ఆ తరవాత ఆయన పడ్డ అవస్థ చూడండి. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. విశ్వవిద్యాలయం పదవి వదులుకున్నాడు. 1913 అక్టోబరులో రైల్లో పోతుంటే మెలకువలోనే, ఐరోపా అంతా నీళ్ళలో మునిగి, ఆ నీళ్ళు నెత్తురయినట్టు కనిపించింది. తనకు పిచ్చి పడుతోందని భయపడ్డాడు. మరుసటి ఆగస్టులో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ రోజుల్లో సరస్సు ఒడ్డున చిన్నపిల్లవాడిలా రాళ్ళు పేర్చి ఊరు కట్టుకునేవాడు. తన లోపల లేచే బొమ్మల్ని, గొంతుల్ని తరమలేదు, వాటి వెంట కొట్టుకుపోనూ లేదు. ఎదురుగా కూర్చుని చూశాడు, రాసుకున్నాడు, రంగులతో బొమ్మలు గీశాడు. ఎర్ర తోలు అట్ట వేసిన పెద్ద పుస్తకంలో ఎక్కించాడు. విపస్సన శిబిరంలో కూర్చున్నవాళ్ళకు ఇది కొంత తెలిసిన దారే. మూడో రోజో నాలుగో రోజో ఎక్కడెక్కడి కోపాలు, ఎప్పటివో అవమానాలు పైకి వస్తాయి కదా. కాకపోతే తేడా ఉంది. బుద్ధుడి పద్ధతిలో అవి వస్తాయి, పోతాయి, అనిత్యం అని చూస్తాం. యూంగ్ వాటితో మాట్లాడి, అర్థం అడిగాడు. ఆ పనిలో తను మునిగిపోకుండా కాపాడింది రోజూ చూడాల్సిన రోగులు, ఇల్లు, పిల్లలు అని ఆయనే అన్నాడు.

ఆ చీకట్లోంచి తెచ్చినవే ఆయన ముఖ్యమైన మాటలు. లోకానికి చూపించే ముఖం ఒకటి ఉంటుంది, అది ముసుగు. పాస్టరు, డాక్టరు, నాయకుడు అన్నీ ముసుగులే. అవసరమే, కానీ అదే నేను అనుకుంటే మనిషి లోపల ఎండిపోతాడు, యూంగ్ తండ్రిలాగా. ముసుగు వెనక నీడ ఉంటుంది. నాలో ఉందని ఒప్పుకోలేని కోపం, ఆశ, అసూయ, భయం అంతా నీడలోకి పోతుంది. పోయి ఊరుకోదు, ఎదుటివాడి మీద కనబడుతుంది. వాడే మురికివాడు, వాడే కామి, వాడే దొంగ అనిపిస్తుంది. అంటరానితనం ఎట్లా పుట్టిందో చెప్పడానికి ఇది చాలదు. దాని వెనక భూమి ఉంది, అధికారం ఉంది, శాస్త్రాలున్నాయి. కానీ తన ఒంటి మురికి తను చూసుకోలేనివాడు పేట వైపు చూసి ముక్కు మూసుకోవడంలో ఈ నీడ పని ఉందని నా అభిప్రాయం. అంతేకాదు, మనలో మనకూ నీడలున్నాయి. మాల మాదిగను, మాదిగ తన కిందివాణ్ణి చూసే చూపు ఎక్కడి నుంచి వచ్చింది? సభలో సమానత్వం మాట్లాడి ఇంటికొచ్చి భార్య మీద చెయ్యెత్తేవాడు ఎవరి మీద కోపం తీర్చుకుంటున్నాడు?

ఈ సంగతి మన పాళీ పుస్తకాలకు కొత్త కాదు. మహామాలుంక్య సుత్తంలో బుద్ధుడు అనుశయాల గురించి చెప్తాడు. వెల్లకిలా పడుకున్న పసిగుడ్డుకు నేను అనే ఊహే ఉండదు, అయినా దాని అడుగున అనుశయం నిద్రపోతూ ఉంటుంది. తరవాతి కాలంలో అసంగుడు, వసుబంధుడు ఆలయ విజ్ఞానం అని విత్తనాల కొట్టు లాంటి మనసును వివరించారు. యూంగ్‌కు పదిహేను వందల ఏళ్ళ ముందు మాట ఇది.

1921లో ఆయన రాసిన పుస్తకంతోనే అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే మాటలు లోకానికి అలవాటయ్యాయి. 1923లో బోలింగెన్ అనే చోట సరస్సు పక్కన సొంత చేతులతో కూడా రాళ్ళు మోసి గోపురం ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. కరెంటు పెట్టించుకోలేదు. కట్టెలు తనే కొట్టుకునేవాడు.

1937 చివర్లో మన దేశం వచ్చాడు. కలకత్తాలో జరిగే సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవాలకు బ్రిటిషు ప్రభుత్వం పిలిచింది. అలహాబాదు, కాశీ, కలకత్తా విశ్వవిద్యాలయాలు డాక్టరేట్లు ఇచ్చాయి. కలకత్తాలో రక్త విరేచనాలు పట్టుకుని పది రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. పేరున్న స్వాములను కావాలనే కలవలేదు. ఆయన మనసును కదిలించింది సాంచి. ఆ స్తూపం దక్షిణ తోరణం మీద శాతవాహన రాజు శాతకర్ణి శిల్పుల పెద్ద ఆనందుడి దానశాసనం ఉంది. అంటే మన నేలకూ దానికీ చుట్టరికం ఉంది. యూంగ్ వెళ్ళినప్పుడు జపాను యాత్రికులు చిన్న కంచు గంటలు కొడుతూ, మంత్రం చెబుతూ స్తూపం చుట్టూ తిరుగుతున్నారు. ఆయనకు గుండె నిండిపోయింది. బౌద్ధం అంటే ఏమిటో ఆ కొండ మీదే కొత్తగా తెలిసిందని, దేవుళ్ళందరికన్నా పైన మనిషి ఎరుకను నిలబెట్టినవాడు బుద్ధుడని రాశాడు.

సంతోషమే. కానీ అదే నెలల్లో, ఆయన ఓడ దిగిన బొంబాయిలో ఏం జరుగుతోంది? హిందువుగా చావనని బాబాసాహెబ్ ప్రకటించి రెండేళ్ళు దాటింది. 1938 జనవరిలో ఖోతీ పద్ధతి రద్దు చెయ్యాలని కొంకణ్ రైతులు ఆయన వెనక బొంబాయి వీధుల్లో నడిచారు. యూంగ్ జ్ఞాపకాల పుస్తకంలో భారతదేశం అధ్యాయం చదవండి. గుళ్ళున్నాయి, స్తూపాలున్నాయి, పండితులున్నారు. అంటరానివాళ్ళు లేరు. మనిషి చూడని నీడ గురించి అంత రాసినవాడికి ఒక దేశం నీడ కనబడలేదు.

దీనికన్నా పెద్ద మచ్చ ఇంకోటి ఉంది. 1933లో హిట్లర్ వచ్చాక జర్మనీ కేంద్రంగా ఉన్న మానసిక వైద్యుల సంఘానికి యూంగ్ అధ్యక్షుడయ్యాడు. గెంటేసిన యూదు డాక్టర్లు విడిగా సభ్యులుగా ఉండేలా నియమాలు మార్చిన మాట నిజమే. కానీ ఆయన సంపాదకుడుగా ఉన్న పత్రికలోనే హిట్లర్ పుస్తకాన్ని పునాదిగా తీసుకోమనే ప్రకటన అచ్చయింది. 1934లో యూదుల అచేతనం వేరు, జర్మన్ జాతి అచేతనం వేరు అని ఆయనే రాశాడు. జాతిని బట్టి మనసు అనే మాట పుట్టుకను బట్టి గుణం అనే మాటకు తమ్ముడే. ఆఫ్రికా మనుషుల గురించి రాసేటప్పుడూ ఆదిమ, అనాగరిక అనే మాటలు ఆయన కలం నుంచి తేలిగ్గా జారాయి. యుద్ధం మొదలయ్యాక గాని ఆ సంఘాన్ని పూర్తిగా వదల్లేదు. నాజీ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదు మతాచార్యుడు లియో బెక్ 1946లో జూరిచ్ వచ్చి, ఆయన్ను కలవడానికి ఇష్టపడలేదు. యూంగే హోటలుకు వెళ్ళి రెండు గంటలు వాదించి, చివరికి తను జారిపడ్డానని ఒప్పుకున్నాడట. బహిరంగంగా మాత్రం అంత సూటిగా రాయలేదు.

ఆయన చెప్పిన ఆత్మతత్వం విషయంలో కూడా మనం జాగ్రత్తగా ఉండాలి. చేతన, అచేతన కలిసిన మొత్తం మనసుకు ఒక కేంద్రం ఉందని, దాని వైపు నడవడమే మనిషి పని అని ఆయన సిద్ధాంతం. అది చావని ఆత్మ కాదు, మనసులో కనబడే అనుభవం మాత్రమే అని ఆయనే హద్దు గీశాడు. అయినా కొన్ని చోట్ల చదువుతుంటే పాత ఆత్మ వాసన వస్తుంది. బుద్ధుడి అనత్తను, బాబాసాహెబ్ వివరించిన ధమ్మాన్ని పట్టుకున్నవాళ్ళు ఆ మెట్టు దగ్గర ఆగిపోవచ్చు. జ్యోతిషం, రసవాదం మీద ఆయన పెంచుకున్న మోజునూ అక్కడే వదిలెయ్యండి. వచ్చి చూడు, పరీక్షించు అన్నది మన పద్ధతి. పరీక్షకు నిలిచింది తీసుకుంటాం.

1944లో గుండెపోటుతో చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. 1955లో ఎమ్మా పోయింది. 1958లో జపాను జెన్ పండితుడు హిసమత్సు ఇంటికొచ్చి చిక్కు ప్రశ్న వేశాడు. ఒక బాధ పోతే ఇంకోటి వస్తుంది, అన్ని బాధలూ ఒకేసారి తెగే దారి మీ వైద్యంలో ఉందా? ఇద్దరి మాటలూ సరిగ్గా కలవలేదు. తరవాత ఆ సంభాషణ అచ్చు వెయ్యడానికి యూంగ్ ఒప్పుకోలేదు.

1961 జూన్ 6న, 85 ఏళ్ళ వయసులో కుస్నాఖ్ట్ ఇంట్లో చనిపోయాడు. ఎర్ర అట్ట పుస్తకాన్ని కుటుంబం ఏళ్ళ తరబడి దాచి, 2009లో గాని అచ్చుకు ఇవ్వలేదు. చివరి రోజుల్లో మంచం మీద ఆయన చదువుతున్నది చైనా భిక్షువు షూ యున్ ఉపన్యాసాలు, చార్లెస్ లూక్ ఇంగ్లీషు చేసినవి. ఆ పుస్తకం తనకు ఎంత నచ్చిందో అనువాదకుడికి తప్పకుండా రాయమని శిష్యురాలు ఫాన్ ఫ్రాంజ్‌కు చెప్పాడు. ఆయన పోయిన మూడు నెలలకు, సెప్టెంబరులో ఆమె ఆ ఉత్తరం రాసింది.